తెరలు దించిన వీధి

టెంటర్ వీధి, బ్రాకన్‌షా
1934 మార్చి 7

చెల్లీ లెటీ,

టాటర్సల్ ముసలమ్మను ఇవాళ మధ్యాహ్నం సాగనంపాం. మూడు వారాలుగా ఇవాళా రేపూ అంటూ ఊరించింది కాబట్టి ఎవరికీ పెద్ద ఆశ్చర్యం లేదు. రెండున్నరకు శవబండి వచ్చేసరికి మన వీధిలో ఒక్క కిటికీకీ తెర ఎత్తి లేదు. అటు ఇరవై, ఇటు ఇరవై, నలభై ఇళ్ళూ కళ్ళు మూసుకున్నాయి. దీని వెనక నా కష్టం ఎంతుందో స్కార్‌బరో సముద్రపు గాలి తింటూ కూర్చున్న నీకేం తెలుస్తుంది. క్రిస్మస్ ముందు ఒక చావులో ఎదురింటి పిల్లింగమ్మ తెర పక్కకు లాగి చూసిందని, చాపెల్ మహిళా సంఘంలో లేచి నిలబడి, పేరు ఎత్తకుండా ఆవిడ వంకే చూస్తూ పది నిమిషాలు మాట్లాడాను. శవం వెళ్తుంటే తొంగిచూసేవాళ్ళూ పక్కింటి తాళం కన్నంలోంచి చూసేవాళ్ళూ ఒకటే అన్నాను. ఆవిడ ఏడ్చింది. అప్పటినుంచీ వీధి బాగుపడింది.

ఇక విశేషాలు. గుర్రాలు రెండే. కొడుకు నాలుగు పెట్టిస్తానని ఊరంతా చెప్పుకున్నాడు. పెద్ద కోడలి టోపీ బొగ్గు తట్టకు రిబ్బను కట్టినట్టుంది. పాదిరిగారి భార్య మేజోడుకి మడమ దగ్గర చిరుగు, దాన్ని సిరాతో నల్లగా పూసుకుంది. ఎంట్విసిల్ చెక్కజోళ్ళ కొట్టులో పనిచేసే క్లెమ్ హాలం, అదే మన చాకలి హాలమ్మ కొడుకు, పందొమ్మిదేళ్ళ పొడుగుకాళ్ళవాడు, కొట్టులో సుత్తి చప్పుడు ఇంకా వినిపిస్తుండగానే వచ్చి సరిగ్గా నా కిటికీ ముందు నిలబడ్డాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకుని, చివరి మనిషి మలుపు తిరిగేదాకా అంగుళం కదల్లేదు. మర్యాదే, కాదనను. కానీ వాడి చెవులు అడ్డమొచ్చి పూలచక్రాల బండి నాకు సగమే కనిపించింది. అంతా అయ్యాక టోపీ పెట్టుకుని ఇనుప సామాన్ల కొట్టు వైపు పరిగెత్తాడు.

శవపేటిక గుమ్మం దాటగానే ఎంట్విసిల్ కూడా సుత్తి ఆపేశాడు. మొరటు మనిషే, అయినా ఆ మాత్రం మర్యాద ఉన్నందుకు సంతోషించాను. ఆయన అల్లుడు సిడ్నీ ఓర్మ్‌కు మాత్రం అదీ లేదు. చాపెల్ పాటల బృందంలో పెద్ద గొంతుకాడు కదా, ముందు నడవాల్సినవాడు ఆలస్యంగా మామగారి కొట్టు పక్క సందులోంచి వచ్చి ఊరేగింపు తోకన కలిశాడు. ఒక చేతికే గ్లవ్. రెండో చేతికి జేబురుమాలు చుట్టుకున్నాడు. పాడేవాడికి కంఠం ఉంటే చాలు, చేతులతో పనిలేదనుకున్నాడేమో.

నాలుగింటికి చావు విందు. పంది మాంసం ఎంత పల్చగా కోస్తారో చూడాలి. వీధి చివర ఏదో గోలగా ఉంది, పోలీసు ఈల కూడా వినిపిస్తోంది. వెళ్ళి చూసొస్తాను. దారిలోనే ఇది పోస్టులో వేసేస్తాను.

నీ అక్క
హెస్టర్ కెర్షా

*

సీ వ్యూ బోర్డింగ్ హౌస్, స్కార్‌బరో
మార్చి 12

హెస్టరక్కా,

నీ ఉత్తరం వంటింట్లో చదివి పనిపిల్లకు కూడా వినిపించాను. తెరలన్నీ దించేసి, మేజోడు మడమ మీద సిరా చూడగలిగిన నీ కళ్ళ గురించి విని ఆ పిల్ల మురిసిపోయింది. మా బోర్డింగ్ హౌస్ పేరులో సముద్రం ఉంది కానీ ఏ గదిలోంచీ కనిపించదు. నిన్ను ఒకసారి తెచ్చి కిటికీ దగ్గర కూర్చోబెడితే సముద్రమే కాదు, అవతలి ఒడ్డున డెన్మార్క్ వాళ్ళు ఏం తింటున్నారో కూడా చెప్పేస్తావు.

వీధి చివర గోలేమిటో రాయలేదు. పాపం ఎవరైనా పడిపోయారా? ఎంట్విసిల్ మామయ్య బాగున్నాడా? నా చిన్నప్పటి చెక్కజోళ్ళు ఆయన చేసినవే. ఇవాళ్టికీ బొగ్గుల కొట్టులోకి వెళ్ళాలంటే అవే వేసుకుంటాను.

లెటీ

*

టెంటర్ వీధి
మార్చి 27

లెటీ,

వేళాకోళాలకు ఇది సమయం కాదు. ఎంట్విసిల్ పోయాడు. ఆ రోజు గోల అదే. క్లెమ్ హాలం మేకుల పొట్లంతో తిరిగొచ్చి చూసేసరికి ఆయన పనిబల్ల పక్కన పడి ఉన్నాడట. తల పగిలింది, పక్కనే ఆయన సుత్తి. ఆస్పత్రిలో పన్నెండు రోజులు కళ్ళు తెరవకుండానే ఉండి, మొన్న సోమవారం పోయాడు.

క్లెమ్‌ను పట్టుకున్నారు. పట్టుకోరా మరి? ఆ రోజు పొద్దున్నే మేకులు వంకరగా కొట్టాడని ముసలాయన వీధంతా వినేలా తిడితే, వీడు గుమ్మంలో నిలబడి, "నీ సుత్తి ఒకరోజు నీ నెత్తినే పడుతుంది చూడు" అన్నాడు. నలుగురు విన్నారు. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను, అది సార్జెంటుకు చెప్పాను కూడా. ముసలాయన సుత్తి ఆగింది శవపేటిక బయటికొచ్చినప్పుడు. మళ్ళీ మోగలేదు. అంటే దెబ్బ అప్పుడే, రెండున్నరకే పడింది. క్లెమ్ ఇనుప సామాన్ల కొట్టుకు చేరింది మూడుకు ఐదు నిమిషాల ముందు. నడక ఐదు నిమిషాలు. మిగతా సేపు ఎక్కడున్నావురా అంటే, వీధిలో టోపీ తీసి నిలబడ్డాను, వీధంతా నన్ను చూసింది అంటున్నాడు.

సార్జెంటు నలభై తలుపులూ తట్టాడు. నలభై ఇళ్ళూ ఒకటే మాట చెప్పాయి: చావు వెళ్తోంది, తెరలు దించాం, మాకేం తెలియదు. ఊరేగింపులో వాళ్ళందరూ తల దించుకుని నడిచారు, వాళ్ళూ చూడలేదు. వీధి ఇంత ఒక్కమాట మీద నిలబడటం యుద్ధం తర్వాత ఇదే. సార్జెంటు నాతో, "మీలాంటి మర్యాదస్తుల వీధి జిల్లాలో ఇంకోటి లేదమ్మా" అన్నాడు.

నిన్న ఎంట్విసిల్‌ను పూడ్చారు. మళ్ళీ తెరలన్నీ దించాం. గుర్రాలు నాలుగు, బాగానే చేశారు. అల్లుడు సిడ్నీ పేటిక పక్కన నడుస్తూ ఎంత ఏడ్చాడంటే గడ్డం కింద కాలరు తడిసిపోయింది. చేతి కట్టు ఇంకా విప్పలేదు. కూతురు మాత్రం రాయిలా నడిచింది. ఇలాంటి అల్లుణ్ణి అందరికీ ఇవ్వాలి దేవుడు.

హెస్టర్

*

స్కార్‌బరో
మార్చి 30

అక్కా,

తెరలన్నీ దించి, ఆయన కాలరు తడి కూడా చూశావు. నవ్వుదామనుకున్నాను, కానీ ఈసారి నవ్వు రాలేదు.

నీ మొదటి ఉత్తరం నా ఏప్రన్ జేబులోనే ఉంది. తీసి మళ్ళీ చదివాను. క్లెమ్ నీ కిటికీ ముందు నిలబడ్డాడని నువ్వే రాశావు. సుత్తి ఇంకా మోగుతుండగా వచ్చాడనీ, చివరి మనిషి మలుపు తిరిగేదాకా కదల్లేదనీ రాశావు. వాడి చెవులు అడ్డమొచ్చాయని కూడా రాశావు. ఆ చెవులు ఇప్పుడు ఉరితాడు కిందికి వెళ్తున్నాయి, అక్కా. నువ్వు రేపు పొద్దున్నే సార్జెంటు దగ్గరకు వెళ్ళి ఒక్క మాట చెబితే చాలు, హాలమ్మ కొడుకు ఇంటికొస్తాడు. సిగ్గుపడితే ముసుగు వేసుకుని వెళ్ళు.

లెటీ

*

టెంటర్ వీధి
ఏప్రిల్ 4

లెటీ,

ఆ ఉత్తరం వెంటనే పొయ్యిలో వెయ్యి. అక్కాచెల్లెళ్ళం నవ్వుకోవడానికి రాసుకున్న మాటలు కోర్టులకు పనికొచ్చేవి కావు.

నువ్వు అడుగుతున్నదేమిటో నీకు తెలుసా? నేను పోలీస్ స్టేషనుకు వెళ్ళి, శవం వెళ్తుంటే తొంగిచూశానని చెప్పాలా? పిల్లింగమ్మను అంతమందిలో ఏడిపించిన నేను? నా గడప రాయి వీధిలోకెల్లా తెల్లగా ఉంటుంది, రోజూ మోకాళ్ళ మీద కూర్చుని సున్నపు రాయితో రుద్దుతాను. రేపటినుంచి దాని మీద ఉమ్మేస్తారు. చాపెల్లో నా బెంచీ మీద ఎవరూ కూర్చోరు.

పైగా చూసింది నేనొక్కదాన్నేనా? నా కిటికీకి ఎదురుగా ఉన్నది పిల్లింగమ్మ కిటికీయే. ఆవిడ తెర కింద ఆవిడ వేళ్ళు నాకు కనిపించాయి. మరి ఆవిడ చెప్పొచ్చుగా? పదకొండో నంబరు వాళ్ళు చెప్పొచ్చుగా? అందరికీ తెలిసిన సంగతి ఒక్కదాన్నే ఎందుకు మొయ్యాలి? నేనేం అబద్ధం చెప్పలేదు. తెరలు దించామన్నాను. దించాం.

జడ్జిలు చదువుకున్నవాళ్ళు. వాళ్ళే తేలుస్తారు. కుర్రాడి తరఫున మంచి వకీలు ఉన్నాడట.

హెస్టర్

*

స్కార్‌బరో
ఏప్రిల్ 9

అక్కా,

పదిహేడేళ్ళ కిందట ఒక సాయంత్రం నేను ట్రామ్ కండక్టరుతో మన వీధి చివర రెండు నిమిషాలు నిలబడ్డాను. నీకు గుర్తుండే ఉంటుంది. పొగమంచు అంత దట్టంగా ఉంది, అతని ముఖం నాకే సరిగ్గా కనిపించలేదు. మన వీధిలో మాత్రం పన్నెండు ఇళ్ళకు కనిపించింది. అతని చెయ్యి ఎక్కడుందో కూడా కనిపించింది. ఆదివారానికల్లా చాపెల్లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు, నెల తిరక్కుండా నేను ఈ వంటింట్లో పడ్డాను. అప్పుడు ఎవరి తెరా దించి లేదు. ఎవరికీ ఏమీ తెలియకుండా లేదు.

ఆడపిల్లను వీధిలోంచి తరిమేయడానికి పనికొచ్చిన కళ్ళు ఒక కుర్రాణ్ణి ఉరి నుంచి దించడానికి పనికిరావా? మీ మర్యాద అంత తెల్లగా ఉంటే దాని మీద ఒక మనిషిని ఆరేస్తారా?

సెషన్స్ కోర్టు మే పద్నాలుగున మొదలవుతుందని పేపర్లో వేశారు. ఆ వకీలు పేరూ చిరునామా కూడా ఉన్నాయి. కవరు మీద రాసి పెట్టుకున్నాను, స్టాంపు కూడా అంటించాను. మే మొదటి తారీకు దాకా చూస్తాను. ఈలోగా నువ్వే వెళ్ళి చెబితే నీ ఉత్తరం నా పొయ్యిలోకే వెళ్తుంది, ఒట్టు. లేకపోతే పోస్టు డబ్బాలోకి వెళ్తుంది.

లెటీ

*

టెంటర్ వీధి
ఏప్రిల్ 28

లెటీ,

మూడుసార్లు స్టేషను దాకా వెళ్ళాను. మొదటిసారి మెట్ల మీద పాదిరిగారి భార్య ఎదురైంది, పిల్లి తప్పిపోయిందని చెప్పి వచ్చేశాను. నాకు పిల్లి లేదని ఆవిడకు తెలుసు. రెండోసారి గొంతు నొప్పి. మూడోసారి తలుపు మీద చెయ్యి వేసి కూడా తిరిగొచ్చాను.

నిన్న సిడ్నీ ఓర్మ్ వచ్చాడు. మామగారి కొట్టులో గ్రామఫోనులు పెడుతున్నాడట, తెరిచే రోజు మా మహిళా సంఘం అంతా రావాలని పిలిచాడు. చేతి కట్టు విప్పేశాడు. బొటనవేలి కింద పెద్ద గాటు మానింది. ఎలా తగిలిందని అడిగాను. తోటలో పార తగిలిందన్నాడు. సిడ్నీకి తోట లేదు, లెటీ.

ఆ ఉత్తరం పంపకు. పంపితే అది నా చేతిరాత కాదని ప్రమాణం చేసి చెబుతాను. నాకు చెల్లెలే లేదనుకుంటాను.

హెస్టర్

*

స్కార్‌బరో
మే 1

పోస్టులో వేశాను.

లెటీ

*

టెంటర్ వీధి
జూన్ 6

లెటీ,

నెల దాటి రాస్తున్నాను. నీ మీద కోపంతో కొన్ని రోజులు, ఎలా మొదలుపెట్టాలో తెలియక కొన్ని రోజులు గడిచాయి. నీకు పేపర్లో సగం తెలిసే ఉంటుంది. మిగతా సగం నేనే చెప్పాలి.

వకీలు నన్ను పిలిపించాడు. చేతిరాత నాది కాదని చెప్పాలనే వెళ్ళాను, దేవుడి సాక్షిగా నిజం ఇది. బోను ఎక్కేముందు క్లెమ్ వంక చూశాను. ఎవరిదో పెద్ద కాలరు తొడిగారు వాడికి, అందులో మెడ సగానికి కుదించుకుపోయింది. చెవులు మాత్రం అలాగే ఉన్నాయి. హాలమ్మ ముందు వరుసలో కూర్చుని, బట్టలు ఉతికి ఎర్రబడ్డ చేతులు ఒళ్ళో దాచుకుంది. ఆ చేతులు చూశాక నాకు సిగ్గేసింది. వీధి ఏమనుకుంటుందోనన్న సిగ్గు కాదు అది. అసలు సిగ్గు అలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఉత్తరం నాదేనన్నాను. వకీలు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాడు. గుర్రాలు రెండేనని చదివాడు. పెద్ద కోడలి టోపీ గురించి చదివాడు, ఆవిడ అదే టోపీ పెట్టుకుని గ్యాలరీలో కూర్చుంది. పాదిరిగారి భార్య మేజోడు గురించి చదివాడు. పిల్లింగమ్మను ఏడిపించిన సంగతి చదివాడు. కోర్టంతా నవ్వింది, జడ్జి కూడా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. నేల చీలి మింగేస్తే బాగుండుననుకున్నాను. తర్వాత క్లెమ్ దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆగింది. సిడ్నీ దగ్గరకు వచ్చేసరికి గ్యాలరీలో ఒక్కొక్క తలే వెనక్కి తిరిగింది. మామగారు పోయిన దుఃఖంలో ఉన్న అల్లుడిగా అతను మూడో వరుసలో కూర్చున్నాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

ప్రభుత్వ వకీలు నన్ను అడిగాడు.

"తెరలు దించామని సార్జెంటుతో చెప్పారు కదమ్మా. అది అబద్ధమా?"

"కాదండీ, దించే ఉన్నాయి. నేనే ఎత్తాను."

"ఎంత?"

"రెండు వేళ్ళంత."

"ఎంతసేపు?"

"మొదటి గుర్రం నుంచి చివరి టోపీ దాకా."

ఆ మర్నాడు వకీలు బస చేసిన హోటలుకు మన వీధి ఆడవాళ్ళు పదకొండుమంది వెళ్ళారు. ఒకరు వెళ్ళడం ఇంకొకరికి తెలియకుండా, తలా ఒక దారిన వెళ్ళి, మెట్ల దగ్గర ఒకరికొకరు ఎదురుపడ్డారట. అందరూ క్లెమ్‌ను చూశారు. ఆరుగురు సిడ్నీ సందులోంచి రావడం చూశారు. ఇద్దరు రుమాలుకు రక్తం కూడా చూశారు. వాళ్ళలో మొదట వెళ్ళింది పిల్లింగమ్మ. అంటే, లెటీ, హంతకుడు ఊరేగింపులో కలవడం మా వీధి కళ్ళారా చూసి, సాయంత్రం అతని పక్కనే కూర్చుని విందు తిని, తర్వాత అతను మామగారి పేటిక పక్కన ఏడుస్తుంటే మెచ్చుకుంది. అందులో అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది నేను.

కొట్టు తనకిచ్చేసి ఇంట్లో కూర్చోమన్నాడట సిడ్నీ. ముసలాయన సుత్తి పక్కన పెట్టి, చెక్క చెక్కే కత్తి ఊపి బయటికి పొమ్మన్నాడట. చెయ్యి తెగగానే ఇతను ఆ సుత్తి అందుకున్నాడు, పోలీసుల దగ్గర తనే ఒప్పుకున్నాడు. అంతే. ఇప్పుడు అతను లోపలున్నాడు, క్లెమ్ బయటికొచ్చాడు.

పోయిన శనివారం క్లెమ్ మా ఇంటికి వచ్చాడు. టీ పెడతాను లోపలికి రమ్మన్నాను. రాలేదు. నా తెల్లటి గడప తొక్కకుండా కింద రోడ్డు మీదే నిలబడ్డాడు. కృతజ్ఞత చెప్పడానికి వచ్చాడేమో, ఫర్వాలేదులే అనడానికి సిద్ధంగా ఉన్నాను. వాడు గొంతు పెంచకుండా అన్నాడు:

"ఆ రోజు మీరు చూస్తున్నారని నాకు తెలుసమ్మా. తెర కింద మీ ఉంగరం మెరిసింది. అటూ ఇటూ మొత్తం పన్నెండు తెరలు ఎత్తి ఉన్నాయి, నిలబడి ఏం తోచక లెక్కపెట్టాను. పన్నెండుమంది ఉన్నారు కదా, ఎవరో ఒకరు రేపు వస్తారులే అని అమ్మకు చెబుతూ వచ్చాను. అరవై ఎనిమిది రోజులు చెప్పాను."

మరి సార్జెంటుతో మా పేర్లు ఎందుకు చెప్పలేదని అడిగాను. చాపెల్లో మీకు తలవంపులవుతుందనుకున్నానమ్మా, అన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ గడప మీదే కూలబడ్డాను. నల్లటి గౌను వెనకంతా సున్నం అంటుకుంది. ఎవరు చూస్తున్నారో చూడలేదు.

చాపెల్లో నా బెంచీ ఖాళీ. టాటర్సల్ కోడలు నన్ను చూసి రోడ్డు దాటుతుంది. వెళ్ళి చెప్పొచ్చిన ఆ పదకొండుమంది కూడా నాతో మాట్లాడరు, వాళ్ళను అక్కడిదాకా పంపింది నేనేనట. నిజమే. నీ దగ్గర ఇంకో మనిషికి మంచం ఉందా? ఉందని రాసినా వెంటనే రాలేను. కానీ ఉందని రాయి.

నిన్న ఏడో నంబరు వాచ్‌మన్ తాతను తీసుకెళ్ళారు. రెండింటికి వీధంతా తెరలు దిగాయి. నేను ముందుగదిలోకి వెళ్ళాను, తెర తాడు చేతిలోకి తీసుకున్నాను, వదిలేశాను. తలుపు తీసుకుని బయటికెళ్ళి, క్లెమ్ నిలబడ్డ చోటే, నా కిటికీ ముందే నిలబడ్డాను. శవబండి వచ్చింది, వెళ్ళింది. గుర్రాలెన్నో, ఎవరి టోపీ ఎలా ఉందో అడగకు. తల దించుకునే ఉన్నాను. నా వెనకా ఎదురుగా నలభై ఇళ్ళు నిశ్శబ్దంగా ఉన్నాయి. ఒకసారి మాత్రం తల ఎత్తాను. పదిహేడు తెరలు ఎత్తి ఉన్నాయి, లెటీ. అన్నీ నన్నే చూస్తున్నాయి.

నీ అక్క
హెస్టర్